అంగుళంన్నర తేడా

"కాస్త కిందికి దిగుతారా?"

ఆమె అతనితో అన్న మొట్టమొదటి మాట అది. అప్పుడు అతను ఎర్ర స్పోర్ట్స్ కారులో కూర్చుని, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటున్నాడు. ముప్పై ఏళ్ళ నాటి బండి, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఏడాది కిందట షెడ్డుకి వచ్చినప్పుడు దాని బానెట్ కింద ఒక పిల్లి సంసారం పెట్టుకుని ఉంది. ఒక్కో బోల్టూ విప్పి, తుడిచి, బిగించి అతను దానికి ప్రాణం పోశాడు. అది మొదటిసారి దగ్గకుండా పలికింది ఆ రోజే. అలాంటి వేళ ఎవరో వచ్చి దిగమంటే ఏ మెకానిక్‌కైనా ఒళ్ళు మండుతుంది.

"మీరెవరండీ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఈ కారుకి కప్పు కుట్టేదాన్ని. మీరు కూర్చుంటే బండి అటు ఒరుగుతుంది. కొలత తేడా వస్తుంది."

"ఎంతొస్తుందేంటి?"

"పావు అంగుళం."

"పావు అంగుళానికి మనిషిని దింపేస్తారా?"

"అర అంగుళమైతే బండినే వెనక్కి పంపేస్తాను," అంది ఆమె, టేపు విప్పుతూ.

అప్పుడు కళ్ళు తెరిచాడు. తెరిచి, మళ్ళీ మూయడం మర్చిపోయాడు. ఆమె మాత్రం అతన్ని చూడలేదు. కారు వెనక భాగాన్ని చూస్తోంది.

ఊళ్ళోని మెకానిక్ షెడ్లన్నిటిలో ఆమెకు "అంగుళం" అని పేరు. పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు. ఆమె మాత్రం దాన్ని పతకంలా మోసేది. వాళ్ళ నాన్నది కార్ల సీట్లూ కప్పులూ కుట్టే షాపు. పదేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఈ ఎర్ర కారు కప్పు మొదలుకొని కొలిచేది, కత్తిరించేది, కుట్టేది అన్నీ తనే. ఇది సరిగ్గా అమరితే షాపులో కత్తెర ఇక ఆమెదే అని నాన్న చెప్పాడు. పని చేస్తున్నంతసేపూ నోట్లో గుండుసూదులు పట్టుకునే మనిషి, అలా చెప్పిన రోజు ఆయన నోట్లో సూదులు లేవు. అంటే ఆలోచించి చెప్పిన మాటే.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇనుము మెకానిక్‌ది, గుడ్డ కుట్టేవాళ్ళది. కప్పుని మోసే చట్రాన్ని, అందులో విల్లులా వంగి ఉండే కమాన్లని మెకానిక్ బిగిస్తాడు. కుట్టేవాళ్ళు వాటి మీద టేపు పెడతారే గానీ పానా పెట్టరు. అలాగే మెకానిక్ గ్రీజు చేత్తో గుడ్డని తాకడు. ఒకరి ఇలాకాలో ఇంకొకరు వేలు పెట్టకపోవడం మర్యాద.

ఆ మర్యాద ప్రకారమే ఆమె కొలిచింది. టేపు రెండో కొస పట్టుకోమని అతనికిచ్చింది. అతను ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడంటే, కొలత అయిపోయి ఆమె టేపు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చినా వదల్లేదు. వదలండి అంటే ఉలిక్కిపడ్డాడు. ఆమెకు నవ్వొచ్చింది. పని దగ్గర నవ్వడం అలవాటు లేని మనిషి కాబట్టి వెంటనే దగ్గుగా మార్చేసింది.

వారం తర్వాత కప్పు కుట్టి తెచ్చింది. నల్లటి మందపాటి కాన్వాసు. చట్రం మీద పరిచి, ముందు అంచు బిగించి, వెనక్కి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. వెనక కమానుకి అంగుళంన్నర ఇవతలే ఆగిపోయింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అర అంగుళం తేడా వచ్చినవాళ్ళని పదేళ్ళుగా ఆడిపోసుకున్న మనిషి. ఇప్పుడు అంగుళంన్నర.

"పర్లేదు, మళ్ళీ కొలుద్దాం," అన్నాడు అతను. కాస్త త్వరగానే అన్నాడు. ఆ త్వర ఆమెకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

షాపుకెళ్ళి నాన్నకి చెప్పింది. ఆయన ఆ పొట్టి కప్పుని మడిచి షాపు మూల పెట్టి, కొత్త గుడ్డ చుట్ట తీసిచ్చాడు. మర్నాడు పొద్దున గుండుసూదులన్నీ నోట్లోంచి తీసి డబ్బాలో వేసుకున్నాక మెల్లగా చెప్పాడు. రెండోసారి కూడా కొలత తప్పితే కత్తెర పెదనాన్న కొడుకుకిద్దామనీ, ఆమె కౌంటర్ చూసుకోవచ్చనీ. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

రెండోసారి కొలవడానికి వెళ్ళిన రోజు మూడుసార్లు కొలిచింది. మధ్యలో అతను టీ తెచ్చాడు. ఆ పిల్లి సంసారం గురించి చెప్పాడు. పిల్లలకి కళ్ళు తెరుచుకునేదాకా ఇంజను ముట్టుకోలేదట. కారు యజమాని ఫోన్ చేసినప్పుడల్లా స్పేర్ పార్టులు రాలేదని అబద్ధం చెప్పాడట. "మూడు వారాలు ఆలస్యం. నా జీవితంలో ఎప్పుడూ అంత ధైర్యంగా అబద్ధం చెప్పలేదు," అన్నాడు. అరగంట పనికి ఆమె రెండు గంటలు ఉంది. తిరిగి వెళ్తూ, కొలత తప్పినందుకు ఏడవాల్సింది పోయి మళ్ళీ వచ్చినందుకు సంతోషిస్తున్నానేంటని తనని తనే తిట్టుకుంది.

గుడ్డ కత్తిరించేసింది. కుట్టడం సగంలో ఉండగా భయం మొదలైంది. టేపుని బడి స్కేలు పక్కన పెట్టి చూసుకుంది. చెయ్యి చాచి వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకుంది. చివరికి కళ్ళ డాక్టర్ దగ్గర టైమ్ తీసుకుంది. కప్పు ఎప్పుడు తెస్తారని అతను ఫోన్ చేస్తే ఎల్లుండి అని చెప్పి, ఈ రోజు కళ్ళ పరీక్షకి వెళ్ళాలని కూడా చెప్పింది. అవతల చాలాసేపు మాట లేదు. లైన్ కట్ అయిందనుకుని పెట్టేసింది. కళ్ళకి ఏ రోగమూ లేదని తేలింది. ఇంకా దిగులు పడింది. కళ్ళు బాగున్నాయంటే తప్పు బుర్రలో ఉన్నట్టేగా.

కారు అప్పగించాల్సిన రోజు రానే వచ్చింది. పరిచింది, ముందు బిగించింది, వెనక్కి లాగింది. ఈసారి గుడ్డ వచ్చింది. వచ్చి, కమాను దాటి, ఇంకా వెనక్కి వెళ్ళి వేలాడింది. కొలవకుండానే ఆమెకు తెలుసు. అంగుళంన్నర వదులు. మడిచి కుట్టొచ్చు గానీ మడత దగ్గర నీళ్ళు నిలుస్తాయి. అలాంటి పని ఆ షాపులోంచి ఎప్పుడూ బయటికి రాలేదు.

అక్కడే నేల మీద కూలబడింది. అతని ముఖం సున్నం కొట్టినట్టుంది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

కారు యజమాని ఒక రిటైరైన పళ్ళ డాక్టరమ్మ. నలభై ఏళ్ళు జనంతో నోరు తెరిపించిన గొంతు. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాదు. అయిదింటికల్లా కారు తన ఇంటి ముందుండాలనీ, కప్పున్నా లేకపోయినా సరేననీ, ఏడాదిగా ఎదురుచూస్తున్నాననీ చెప్పి పెట్టేసింది.

"నేనూ వస్తాను," అంది అంగుళం లేస్తూ. "తప్పు నాదని ఆవిడ ముఖం మీద నేనే చెప్పాలి."

రెండో కప్పుని మడిచి సీట్ల వెనక పడేసి ఎక్కి కూర్చుంది. బయల్దేరారు. ఊరి బయటి రోడ్డు ఎక్కేసరికి మొదటి చినుకు అద్దం మీద పడింది. రెండోది ఆమె ముక్కు మీద పడింది. ఆపైన లెక్క లేదు.

అతను గేరు మార్చి వేగం పెంచాడు.

"వానలో ఈ దూకుడేంటండీ?"

"తల మీద చెయ్యి పెట్టి చూసుకోండి."

చూసుకుంది. పొడిగా ఉంది. ముందు అద్దానికి తగిలిన గాలి పైకి లేచి, వానని వాళ్ళ తలల మీదుగా వెనక్కి మోసుకుపోతోంది. చుట్టూ కుండపోత, మధ్యలో వాళ్ళిద్దరికీ చినుకు లేదు. అరవై దాటితే తడవమని అతను చెప్పాడు. ఆగామా, అయిపోయామన్నమాట. ఆమె చెయ్యి పైకెత్తి అద్దం దాటించింది. అరచేతికి వాన టపటపా తగిలింది. కిందికి దించితే మళ్ళీ ఏమీ లేదు. అలా నాలుగైదుసార్లు ఎత్తి దించింది. రెండు వారాల్లో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

"ముందు సిగ్నల్ ఉంది," అన్నాడు కంగారుగా. "దేవుడా, పచ్చ, పచ్చ, పచ్చ..."

ఎర్ర పడింది.

కారు ఆగింది. అప్పటిదాకా తలల మీదుగా పోయిన వాన, మర్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు ఒక్కసారి మీద పడింది. పక్కన ఆగిన బస్సులోంచి ఒక పెద్దాయన కిటికీ తీసి, గొడుగు చూపించి, కావాలా అని సైగ చేశాడు. ఆమె అక్కర్లేదని తలూపుతూ నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి దగ్గుగా మార్చడానికి వీలుపడలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. అతను సిగ్నల్ మానేసి ఆమెనే చూస్తుంటే, పచ్చ పడిందని వెనక వాళ్ళు హారన్ కొట్టి చెప్పాల్సొచ్చింది.

"వెనక ఒక కప్పు ఉందిగా," అన్నాడు మళ్ళీ వేగం అందుకున్నాక. "కప్పుకుందామా?"

"తప్పు కొలత కింద నేను తలదాచుకోను."

అంటూనే ఆమె నవ్వు ఆగిపోయింది. ఇదే తన చివరి కప్పని మెల్లగా చెప్పింది. నాన్న మాట, పెదనాన్న కొడుకు సంగతి, రేపటి నుంచి కౌంటర్ దగ్గర కూర్చోవడం, అంతా చెప్పింది. ఏడవలేదు. పదేళ్ళు నేర్చుకున్నది చేతుల్లోంచి ఎలా పోయిందో అర్థం కావడం లేదని మాత్రం అంది.

అతని వేళ్ళు స్టీరింగ్‌ని పిసికేస్తున్నాయి.

"ఒకటి చెప్పాలి. మధ్యలో ఆపకండి, ఆపితే నా వల్ల కాదు. మీ కొలత తప్పలేదు. వెనక కమానుని నేను జరిపాను."

"ఎప్పుడు?"

"మొదటిసారి మీరు కొలిచి వెళ్ళాక. అంగుళంన్నర వెనక్కి. అక్కడ బోల్టుకి కొంచెం జాగా ఉంటుంది."

"ఎందుకు?"

"కప్పు సరిపోతే మీరు మళ్ళీ రారు కదా."

వాన తల మీదుగా పోతూనే ఉంది. ఆమె వైపర్ల వైపే చూస్తూ లెక్క వేసుకుంది. కమాను వెనక్కి జరిగి ఉండగా తను రెండోసారి కొలిచింది. గుడ్డ దానికి సరిపోవాలి మరి. ఈ రోజు వదులెందుకు అయినట్టు?

అదే అడిగింది. అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. ఆమె కళ్ళ పరీక్షకి వెళ్తున్నానని ఫోన్లో చెప్పిన క్షణంలో తను ఎంత వెధవ పని చేశాడో అర్థమైందట. ఫోన్ పక్కన పడేసి, పరుగున వెళ్ళి కమానుని దాని చోట పెట్టేశాడట. వెనక్కి జరిగిన కమానుకి ఆమె అప్పటికే గుడ్డ కత్తిరించేసి ఉంటుందని ఆ తొందరలో తట్టలేదట.

"అంటే తప్పు చేసి ఒక కప్పు పాడుచేశావు. తప్పు దిద్దుకుని ఇంకోటి పాడుచేశావు."

"అవును."

"కారు ఆపు."

"ఆపితే తడుస్తాం."

"ఆపమన్నానా."

పక్కకి తీసి ఆపాడు. వాన దభీమని పడింది. ఆమె సీటు మీద మోకాళ్ళు వేసి వెనక్కి వంగి, కమాను చివర చూసింది. బోల్టు పక్కన అంగుళంన్నర మేర రంగు గీరుకుపోయి కొత్త ఇనుము మెరుస్తోంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. ఇనుము తన ఇలాకా కాదని చూడలేదు.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకో సంగతి తట్టింది. తన చేతులు తప్పలేదు. కళ్ళు తప్పలేదు, బుర్ర తప్పలేదు. మొదటిసారే సరిగ్గా కొలిచింది. ఆ వానలో మోకాళ్ళ మీద కూర్చుని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వాన కాబట్టి రెండూ కలిసిపోయాయి.

ఆ తర్వాత కోపం వంతు వచ్చింది. అతన్ని కడిగి పారేసింది. వాన సగం కడిగితే మిగతా సగం ఆమె కడిగింది. రెండు వారాలు తన మీద తనకే నమ్మకం లేకుండా చేశాడనీ, బడి స్కేలు పక్కన టేపు పెట్టుకుని చూసుకునే గతి పట్టించాడనీ, మనిషి నచ్చితే చెప్పడానికి నోరుంటుంది గానీ పానా ఎందుకనీ. అతను అంతా విని, చివర్లో క్షమించమని మాత్రం అడిగాడు. అడిగిన తీరులో తెలివితేటలేమీ లేవు. అందుకే ఆమెకు నమ్మకం కలిగింది.

ఊపిరి తీసుకుని, వెనక పడున్న కప్పు వైపు చూసింది.

"నీ దగ్గర పానా ఉందిగా. కమాను మళ్ళీ వెనక్కి జరిపితే ఇది ఇప్పుడే సరిపోతుంది. అయిదింటికి డాక్టరమ్మకి ఇచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. నీ షెడ్డు పేరు నిలబడుతుంది."

నిజంగానే అంది. కొంత పరీక్షకి కూడా అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. "మరి మీ పేరు? మొదటిది తప్పు కొలత అనే కదా మీ నాన్నగారు జీవితాంతం అనుకుంటారు. అసలు సరిపోయేది అదే. అదెక్కడుంది?"

"షాపులో."

కారు వెనక్కి తిప్పాడు.

షాపు ముందు ఆగేసరికి ఇద్దరూ నూతిలోంచి తీసినట్టున్నారు. నాన్న మెషీన్ దగ్గర పని చేసుకుంటున్నాడు, నోటి నిండా గుండుసూదులు. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒంటి మీంచి కారే నీళ్ళు లోపలి గుడ్డల మీద పడతాయని లోపలికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జరిపిందీ, ఎందుకు జరిపిందీ, మళ్ళీ సరిచేసిందీ. ఆయన వింటూ ఒక్కో సూదీ తీసి డబ్బాలో వేశాడు. అన్నీ అయిపోయాక షాపు మూలకెళ్ళి ఆ మొదటి కప్పు తీసుకుని వానలోకి నడిచాడు.

ముందు అంచు ఆయనే బిగించాడు. వెనక్కి లాగమని కూతురికి సైగ చేశాడు. లాగింది. గుడ్డ కమాను మీదికి వచ్చి, అంచుకి అంచు, చర్మంలా అతుక్కుని ఆగింది. వెంట్రుక వాసి తేడా లేదు. ఆయన దాని మీద అరచేత్తో ఒకసారి రాశాడు. వాన చప్పుడు కప్పు మీద డప్పులా మోగుతోంది, కింద సీట్ల మీద చుక్క పడటం లేదు.

"పదేళ్ళు నా పక్కన కూర్చుని కుట్టావు," అన్నాడు ఆయన కూతురితో. "చట్రం ఏమైనా కదిలిందేమో చూడమ్మా అని ఒక్కసారి అనలేదు నేను. నీదే తప్పనుకున్నాను. ఆ అబ్బాయి చేసిందానికంటే అదే పెద్ద తప్పు."

ఆయన అతని వైపు తిరిగాడు. ఏడాది పాటు ఈ షాపులో ఇనప పనేదైనా ఉంటే పిలుస్తాననీ, పిలిచినప్పుడు రావాలనీ చెప్పాడు. అది శిక్షో వరమో తెలియక అతను తల ఊపాడు. "డాక్టరమ్మ కాచుకుని ఉంటుంది, వెళ్ళండి. కత్తెర ఎవరిదో రాత్రికి మీ పెదనాన్నకి నేను చెబుతాను," అంటూ ఆయన లోపలికెళ్ళి మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కప్పుని తట్టి, అంచులు వేలితో మీటి, ఇంత బిగువైన పని తను చూడలేదని మెచ్చుకుంది. తలుపు తీసి సీటు మీద చెయ్యి వేసింది.

"కప్పు ఇంత బాగుంది. మరి సీట్లెందుకు చెరువులా ఉన్నాయి?"

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ నలభై ఏళ్ళు జనం ముఖాలు దగ్గరి నుంచి చూసిన మనిషి కాబట్టి మళ్ళీ అడగలేదు.

పని అయిపోయింది. ఆమె బస్సెక్కి షాపుకి, అతను నడిచి షెడ్డుకి. వారం గడిచింది. షాపులో ఇనప పనేదీ తగల్లేదు, నాన్న అతన్ని పిలవలేదు. అతను కూడా ఫోన్ చేయలేదు. చేయడని ఆమెకు తెలుసు. ఒక కమాను జరిపి అంతటి గొడవ చేశాక, ఇక తన వైపు నుంచి ఏదీ కదపకూడదని కూర్చునే రకం. ఆమె రెండు వ్యాను సీట్లు కత్తిరించింది, ఒక జీపు కప్పు కొలిచింది. కొలతలన్నీ కుదిరాయి. మనసు ఒక్కటే కుదరలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. షెడ్డులో అతను ఒక వ్యాను కింద పడుకుని పని చేస్తున్నాడు. పక్కన చెప్పుల చప్పుడు ఆగింది. బయటికి జారి చూస్తే అంగుళం. చేతిలో టేపు లేదు, సంచీ లేదు, జుట్టంతా తడిసి ఉంది.

అతను కంగారుగా లేచి షెడ్డంతా కలయజూశాడు. "కప్పు లేని బండి ఏదీ లేదండీ ఇప్పుడు. ఏ కారుకి వచ్చారు?"

"ఏ కారుకీ కాదు."

"మీ నాన్నగారు పిలిచారా?"

"లేదు. నిన్ను చూడాలనిపించింది," అంది ఆమె. "నీలా బోల్టులు జరపడం నాకు చేతకాదు. అందుకని నేనే వచ్చేశాను."

అతను చేతిలోని పానా ఎక్కడ పెట్టాలో తెలియక వ్యాను మీద పెట్టాడు. తర్వాత షెడ్డులో ఉన్న ఒక్క స్టూలూ తుడిచి ఆమెకిచ్చి, తను పాత టైరు మీద కూర్చున్నాడు.